పాల వేడి, పాల పరుగు: గొట్టాలలో ఏమి జరుగుతుంది?

ఉదయం, సాయంత్రం మనం సంఘంలో పోసే పాలు పట్నంలో వినియోగదారుని వంటింటికి చేరేలోగా ఒకటికి రెండుసార్లు చల్లబడతాయి, ఒకసారి బాగా వేడెక్కుతాయి. ఇంట్లో కాచినట్లు ఇవి ఒక గిన్నెలో నిలబడి వేడెక్కవు. ఉక్కు గొట్టాలలో, పలకల మధ్య ఇరుకు దారులలో పరుగెత్తుతూ ఉండగానే వేడెక్కుతాయి, చల్లబడతాయి. ఆ పరుగు సరిగా ఉంటే ప్రతి బొట్టుకు సమానంగా వేడి తగులుతుంది. సరిగా లేకపోతే కొన్ని పాలు మాడుతాయి, కొన్ని పచ్చిగానే దాటిపోతాయి.

ఇది ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకు అని కొందరు సభ్యులు అనుకోవచ్చు. కాని సహకార వ్యవస్థలో యంత్రాలు సభ్యులవే. ప్లేట్లకు పాలు పట్టి యంత్రం ఆగినా, సరిగా కడగక ట్యాంకరు పాలు విరిగినా ఆ నష్టం చివరకు లీటరు ధరలోనే కనిపిస్తుంది. అంతేకాదు, యంత్రంలో పాలు ఎలా నడుస్తాయన్నది కొంతవరకు సంఘం గడపలోనే నిర్ణయమౌతుంది. అందుచేత ఈ విషయాన్ని లెక్కలతో సహా తెలుసుకుందాం.

స్నిగ్ధత అంటే ఏమిటి?

ఆముదాన్ని, నీటిని పక్కపక్కనే వంచి చూడండి. నీరు వెంటనే పారుతుంది, ఆముదం నెమ్మదిగా సాగుతుంది. ద్రవంలో ఒక పొర మీద మరొక పొర జారేటప్పుడు కలిగే ఈ అడ్డును శాస్త్రజ్ఞులు స్నిగ్ధత అంటారు. పాలు చిక్కగా ఉన్నాయని మనం అన్నప్పుడు వెన్నను, ఘనపదార్థాన్ని ఉద్దేశిస్తాం. స్నిగ్ధతకు దానితో సంబంధం ఉన్నది గాని, రెండూ ఒకటి కావు. ఒకే పాల స్నిగ్ధత వేడిని బట్టి మారిపోతుంది. చలికాలంలో పేరిన నెయ్యి పొయ్యి దగ్గర పెడితే ఎంత పలచనౌతుందో మనకు తెలుసు. పాలు అలా పేరుకోవు గాని, వాటిలోనూ మార్పు తక్కువేమీ కాదు.

20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నీటి స్నిగ్ధతను 1 అనుకుందాం. అదే వేడిలో వెన్న తీయని ఆవుపాల స్నిగ్ధత సుమారు 2. ఆ పాలను 5 డిగ్రీలకు చల్లారిస్తే సుమారు 3 అవుతుంది. 40 డిగ్రీల దగ్గర 1.2కు, 60 దగ్గర 0.85కు, పాశ్చరీకరణ జరిగే 72 డిగ్రీల దగ్గర సుమారు 0.7కు దిగుతుంది. అంటే బల్క్ కూలరులోని చల్లని పాలు పాశ్చరైజరులోని వేడి పాలకంటె 4 రెట్లకు పైగా స్నిగ్ధత గలవి. గేదె పాలలో వెన్న, ఇతర ఘనపదార్థాలు ఎక్కువ కనుక ఏ వేడి దగ్గరనైనా వాటి స్నిగ్ధత ఆవుపాలకంటె కొంత ఎక్కువగానే ఉంటుంది.

రెండు రకాల ప్రవాహాలు

గొట్టంలో ద్రవం రెండు విధాలుగా నడుస్తుంది. ఒకటి పొరల ప్రవాహం. ఇందులో ద్రవం పొరలు పొరలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా సాగుతుంది. గోడను అంటిన పొర దాదాపు నిలబడి ఉంటుంది, నడిమి పొర అన్నిటికంటె వేగంగా పోతుంది. రెండవది సుడుల ప్రవాహం. ఇందులో చిన్నవి, పెద్దవి సుడులు పుట్టి నడిమి ద్రవాన్ని గోడ దగ్గరకు, గోడ దగ్గరి ద్రవాన్ని నడిమికి తెచ్చి కలియబెడుతూ ఉంటాయి. లాకు తలుపుల కింద నుంచి దూకే కాలువ నీటిని చూసినవారికి ఈ సుడులు కొత్త కాదు.

ఏది ఎప్పుడు జరుగుతుందో 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని మాంచెస్టరులో ప్రయోగాలతో చూపించాడు. గాజు గొట్టంలో పారే నీటి మధ్యకు సన్నని రంగు ధారను వదిలాడు. నీరు మెల్లగా పారినంతసేపు రంగు ఒక దారంలా తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే ఆ దారం చెదిరి గొట్టమంతా రంగు కలిసిపోయింది. వేగాన్నే కాక నీటి వేడిని కూడ మార్చి చూశాడు. నీరు వెచ్చబడి స్నిగ్ధత తగ్గితే తక్కువ వేగంలోనే సుడులు మొదలవుతాయని తేలింది.

ఆయన పేరుమీదనే రేనాల్డ్స్ సంఖ్య ఏర్పడింది. ద్రవ సాంద్రతను, వేగాన్ని, గొట్టం వ్యాసాన్ని గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. గుండ్రని గొట్టంలో ఇది సుమారు 2,000 లోపు ఉంటే పొరల ప్రవాహం, 4,000 దాటితే సాధారణంగా సుడుల ప్రవాహం. మధ్యలో ఉంటే అటూ ఇటూ ఊగుతుంది.

ఒక లెక్క

లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు గల గొట్టంలో గంటకు 5,000 లీటర్ల పాలు నడుస్తున్నాయనుకుందాం. వాటి సగటు వేగం సెకనుకు సుమారు 0.7 మీటరు. పాలు 5 డిగ్రీల దగ్గర ఉంటే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 12,000. అవే పాలు 72 డిగ్రీల దగ్గర అదే వేగంతో నడిస్తే సుమారు 50,000. గొట్టం మారలేదు, పంపు మారలేదు, పాలు మారలేదు. మారినది వేడి ఒక్కటే. సంఖ్య మాత్రం 4 రెట్లయింది. అదే గొట్టంలో చల్లని, చిక్కని మీగడను పంపితే సంఖ్య 2,000 లోపుకే పడిపోవచ్చు. మీగడను వేరే పద్ధతిలో వేడి చేయవలసి రావడానికి ఇది ఒక కారణం.

పదిహేను సెకన్ల విలువ

పాలను 72 డిగ్రీలకు వేడి చేసి కనీసం 15 సెకన్లు ఆ వేడిలో ఉంచితే క్షయ, బ్రూసెల్లా వంటి రోగక్రిములు నశిస్తాయి. ఈ 15 సెకన్లు పాలు ఒక పొడవైన గొట్టంలో నడుస్తూ గడుపుతాయి. దీనిని హోల్డింగ్ ట్యూబు అంటారు. ఇక్కడ సగటు సమయం 15 సెకన్లు ఉంటే చాలదు. అన్నిటికంటె ముందుగా పరుగెత్తే బొట్టు కూడ 15 సెకన్లు లోపల ఉండాలి. ఒక్క క్యాను పచ్చిపాలు వెయ్యి లీటర్లను పాడు చేయగలవని మనకు తెలుసు. తొందరగా దాటిపోయిన కొద్దిపాటి పాలు కూడ అంతే.

పైన చెప్పిన గొట్టంలో సగటున 15 సెకన్లు ఉండాలంటే సుమారు 10.6 మీటర్ల పొడవు కావాలి. పొరల ప్రవాహంలో నడిమి పాలు సగటు వేగానికి రెట్టింపుగా పోతాయి కనుక 21 మీటర్లు కావలసి వస్తుంది. సుడుల ప్రవాహంలో సుడులు వేగాన్ని అన్నిచోట్లా సర్దివేస్తాయి. నడిమి వేగం సగటుకు సుమారు 1.2 రెట్లే ఉంటుంది. అప్పుడు 12.7 మీటర్లు చాలు. వేడి పాలలో సుడులు బాగా ఉంటాయన్న నమ్మకం మీదనే ఈ గొట్టం పొడవు నిర్ణయమౌతుంది.

హోల్డింగ్ ట్యూబు చివర మళ్ళింపు వాల్వు ఉంటుంది. పాల వేడి 72కు తగ్గితే ఆ వాల్వు వెంటనే పాలను వెనుకకు, పచ్చిపాల తొట్టికి పంపివేస్తుంది. ఆ వాల్వు పదేపదే కొట్టుకుంటున్నదంటే దానిని విసుక్కోకూడదు. అది వినియోగదారుని పిల్లల ఆరోగ్యాన్ని కాపాడుతున్నదని గుర్తించి, వేడి ఎందుకు తగ్గిందో చూడాలి.

గోడ దగ్గర కథ వేరు

ఇంతవరకు గొట్టంలోని పాలన్నీ ఒకే వేడిలో ఉన్నాయనుకున్నాం. నిజానికి వేడి గోడ గుండా వస్తుంది, గోడ గుండా పోతుంది. కాబట్టి గోడ దగ్గరి పాలు ఒక వేడిలో, నడిమి పాలు ఇంకొక వేడిలో ఉంటాయి. అంటే ఒకే గొట్టంలో ఒకచోట స్నిగ్ధత తక్కువ, మరొకచోట ఎక్కువ.

అమెరికా ఇంజనీర్లు సీడర్, టేట్ 1936లో గొట్టాలలో నూనెలను వేడి చేసి, చల్లార్చి, దీనికొక లెక్క కట్టారు. నడిమి స్నిగ్ధతకు, గోడ దగ్గరి స్నిగ్ధతకు ఉన్న నిష్పత్తిని బట్టి వేడి మారే రేటును సవరించాలన్నారు. వేడి చేసేటప్పుడు గోడ దగ్గరి పొర పలచబడి వేడి సులువుగా లోపలికి పోతుంది. చల్లార్చేటప్పుడు గోడ దగ్గరి పొర మందగించి, దుప్పటి కప్పినట్లు అడ్డుపడుతుంది. వారి సూత్రాన్ని పాలకు వేసి చూస్తే, 40 డిగ్రీల పాలను 75 డిగ్రీల గోడతో వేడి చేసేటప్పుడు సుమారు 9 శాతం లాభం కనిపిస్తుంది. 30 డిగ్రీల పాలను 1 డిగ్రీ గోడతో చల్లార్చేటప్పుడు సుమారు 11 శాతం నష్టం కనిపిస్తుంది. పాలు వేడి చేయడం కంటె చల్లార్చడం కష్టమని ఆపరేటర్లు అనుభవంతో చెప్పే మాటకు ఇది ఒక ఆధారం.

గోడ దగ్గర పాలు పలచబడ్డాయి గదా, అక్కడ సుడులు కూడ బలపడతాయి అనిపిస్తుంది. అది అంత తేలిక కాదు. ఇటలీ పరిశోధకులు ఫ్రాంచెస్కో జోంటా, క్రిస్తియన్ మార్కియోలి, అల్ఫ్రెడో సోల్దాతి 2012లో కంప్యూటరు మీద చేసిన లెక్కలను ప్రచురించారు. రెండు చదునైన గోడల మధ్య సుడులతో పారే నీరు, ఒక గోడ వేడి, ఎదుటి గోడ చల్లన. వారు చూసినదేమంటే, చల్లని గోడ వైపు సుడుల శక్తి పెరిగింది, వేడి గోడ వైపు తగ్గింది. వేడి గోడ దగ్గర సుడులు పుట్టడం తగ్గి, ఉన్నవి అణగిపోవడం ఎక్కువైంది. చల్లని గోడ దగ్గర దీనికి తారుమారుగా జరిగింది.

ఇది పైన చెప్పినదానికి విరుద్ధం కాదు. చల్లని పాలు నడిచే గొట్టాన్ని, వేడి పాలు నడిచే గొట్టాన్ని పక్కపక్కన పెట్టి పోల్చితే వేడి గొట్టంలోనే సుడులు ఎక్కువ. ఒకే దారిలో రెండు గోడలను పోల్చితే సంగతి వేరు. ఆ లెక్క నీటికి, నున్నని గోడలకు, గురుత్వాకర్షణ ప్రభావాన్ని పక్కన పెట్టి వేసినది. దాని అంకెలను తెచ్చి మన ప్లేట్లకు అతికించలేము. అయినా పాఠం మాత్రం పనికివస్తుంది. వేడిగా ఉన్నవి గదా, సుడులు వాటంతట అవే చూసుకుంటాయి అని పంపు వేగం తగ్గించకూడదు. వేడి, వేగం జోడెడ్ల వంటివి. ఒక ఎద్దు బలంగా ఉన్నదని రెండవదాన్ని విప్పివేస్తే బండి నడవదు.

ప్లేట్ల మీది ముడతలు ఎందుకు?

పాశ్చరైజరు విప్పినప్పుడు చూసినవారికి తెలుసు, దాని ప్లేట్లు నున్నగా ఉండవు. గీతలు, ముడతలు ఒత్తి ఉంటాయి. రిచర్డ్ సెలిగ్మన్ అనే ఇంగ్లండు పారిశ్రామికుడు 1923లో పాల కోసం ప్లేట్ల యంత్రాన్ని మార్కెట్టులోకి తెచ్చిన తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. ప్లేట్ల మధ్య సందు కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. అంత ఇరుకులో పాలు పొరలుగా పోయే ప్రమాదం ఉన్నది. ముడతల మీద నుంచి పోయేటప్పుడు పాలు అడుగడుగునా దారి మళ్ళి, తక్కువ వేగంలోనే కలియబడతాయి. చల్లని పాలకు స్నిగ్ధత వలన వచ్చే లోటును ఈ ముడతలు చాలావరకు పూడుస్తాయి.

ఒక ప్లేటుకు ఇవతల లోపలికి వచ్చే చల్లని పాలు, అవతల పాశ్చరీకరణ అయి బయటకు పోయే వేడి పాలు నడిచే భాగం కూడ ఇందులో ఉంటుంది. వేడి పాలు తమ వేడిని చల్లని పాలకు ఇచ్చివేస్తాయి. ఈ విధంగా 90 శాతం దాకా వేడిని ఆదా చేసే యంత్రాలున్నాయి. బాయిలరు ఇంధనం, శీతల యంత్రం కరెంటు రెండూ మిగులుతాయి.

గోడకు పట్టే పెచ్చు

పాలలోని నీటి వంటి భాగంలో ఉండే ఒక రకం మాంసకృత్తి, బీటా లాక్టోగ్లోబ్యులిన్, 70 డిగ్రీలు దాటిన తరువాత రూపం మారడం మొదలుపెడుతుంది. అది కాల్షియం ఫాస్ఫేటుతో కలిసి వేడి ప్లేటుకు తెల్లగా పడుతుంది. ప్రవాహం మందంగా ఉన్నచోట, మూలలలో గోడ దగ్గరి పాలు ఎక్కువసేపు నిలిచి ఎక్కువ వేడెక్కుతాయి. పెచ్చు అక్కడే ముందు పడుతుంది. పెచ్చు వేడిని అడ్డుకుంటుంది. కావలసిన 72 డిగ్రీలు అందడానికి ఆపరేటరు వేడి నీటిని ఇంకా వేడి చేస్తాడు. గోడ ఇంకా వేడెక్కి పెచ్చు ఇంకా పెరుగుతుంది. చివరకు యంత్రం ఆపి కడగవలసిందే.

పులుపెక్కిన పాలు ఈ నష్టాన్ని త్వరపెడతాయి. ఆమ్లత్వం పెరిగిన పాలలో మాంసకృత్తులు వేడికి నిలవవు. ఒక సంఘంనుంచి వచ్చిన పది క్యాన్ల పుల్లని పాలు అన్ని సంఘాల పాలతో కలిసి ప్లేట్లన్నిటికీ పెచ్చు పట్టిస్తాయి. అందుకే కేంద్రంలో కాచి విరిగే పరీక్ష చేసి అటువంటి పాలను వేరు చేస్తారు. అది సంఘాన్ని శిక్షించడానికి కాదు, అందరి యంత్రాన్ని రక్షించడానికి.

కడగడంలో వేడి, వేగం

పై నియమాలే కడిగే నీటికీ వర్తిస్తాయి. 25 డిగ్రీల నీటి స్నిగ్ధత సుమారు 0.9, 70 డిగ్రీల నీటిది 0.4. అదే వేగంతో వేడి కాస్టిక్ సోడా ద్రావణాన్ని పంపితే రేనాల్డ్స్ సంఖ్య రెట్టింపుకు పైగా పెరుగుతుంది. రసాయనం పని కూడ వేడిలో చురుకౌతుంది.

అయితే వేగం మరువరాదు. గొట్టాలు కడగడానికి ద్రావణం సెకనుకు కనీసం 1.5 మీటర్లు నడవాలన్నది పాడి పరిశ్రమలో స్థిరపడిన నియమం. మన 5 సెంటీమీటర్ల గొట్టంలో అంత వేగం రావాలంటే గంటకు సుమారు 10,600 లీటర్లు నడపాలి. పాలను నడిపేది 5,000 లీటర్లే. కాబట్టి పాలు నడిపే పంపుతోనే, అదే వేగంతో సోడా నీళ్ళు తిప్పి కడిగాం అనుకుంటే సగం పనే జరిగిందన్నమాట. గోడను అంటిన పలుచని పొర అలాగే ఉండి, మరునాటి పాలకు తోడు పెట్టినట్లు పనిచేస్తుంది.

మొదటి జాలింపు నీరు గోరువెచ్చగా, 40 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. చన్నీళ్ళు పోస్తే వెన్న గోడ మీదనే గడ్డకడుతుంది. మరిగే నీళ్ళు పోస్తే మాంసకృత్తి ఉడికి గట్టిగా అంటుకుంటుంది. ఈ మాట క్యాన్లకు, బక్కెట్లకు కూడ వర్తిస్తుంది.

బల్క్ కూలరులో

సంఘంలో బల్క్ కూలరు ఉన్నచోట సభ్యులు స్వయంగా చూడదగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. దానిలో చల్లదనం తొట్టి అడుగునుంచి వస్తుంది. అడుగున చల్లబడిన పాలు కొంచెం బరువెక్కి, స్నిగ్ధత పెరిగి అక్కడే ఉండిపోతాయి. వెన్న పైకి తేలుతుంది. కలియబెట్టే రెక్క ఆగితే అడుగున పాలు గడ్డకట్టవచ్చు, పైన పాలు గోరువెచ్చగానే ఉండవచ్చు. థర్మామీటరు ఉన్నచోట 4 డిగ్రీలు చూపినంత మాత్రాన తొట్టి అంతా 4 డిగ్రీలని కాదు. వెచ్చని పాలలో కొన్ని సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకొకసారి రెట్టింపౌతాయి. గంటసేపు రెక్క ఆగితే పైపాలలో అవి నాలుగు రెట్లు, అంతకు మించి పెరగగలవు. ఇక్కడ రెక్క చేసే పని గొట్టంలో సుడులు చేసే పనే.

సంఘాలు పాటించవలసినవి

1. పాలు పితికిన వెంటనే సంఘానికి తేవాలి. వెచ్చని పాలు నిలువ ఉంటే పులుపెక్కుతాయి.

2. పుల్లని పాలు, వాసన వచ్చిన పాలు మంచి పాలలో కలపరాదు. ఒక్కరి మొహమాటం అందరికీ నష్టం.

3. బల్క్ కూలరులో రెక్క మునిగేటంత పాలు పోసిన తరువాతనే శీతల యంత్రం నడపాలి. కరెంటు వచ్చిపోయినప్పుడు రెక్క మళ్ళీ తిరుగుతున్నదో లేదో కార్యదర్శి స్వయంగా చూడాలి.

4. వేడి కొలిచేముందు పాలు బాగా కలియబెట్టాలి. నమూనా తీసేటప్పుడు కూడ అంతే. తేలిన వెన్న మీదనుంచి తీసిన నమూనా సభ్యునికి గాని, సంఘానికి గాని న్యాయం చేయదు.

5. కడిగేటప్పుడు ముందు గోరువెచ్చని నీరు, తరువాత వేడి సోడా ద్రావణం, చివర శుభ్రమైన నీరు. ఈ వరుస తప్పరాదు. సోడా ద్రావణం చర్మానికి, కళ్ళకు ప్రమాదం. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు.

6. ట్యాంకరు గొట్టాలు, పంపు కడిగేవారు నీరు ఎంత వేడిగా ఉన్నదో చూడడంతోపాటు ఎంత జోరుగా నడుస్తున్నదో కూడ చూడాలి.

మన పాలకు రేటు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. బట్టి కడతారు. కాని ఆ పాలు పట్నందాకా మంచిగా చేరి, అమ్ముడై, ఆ డబ్బు తిరిగి మన ఊరికి రావాలంటే దారిలో వాటి వేడి, వాటి పరుగు రెండూ సరిగా ఉండాలి. ఫ్యాక్టరీలో ఆ బాధ్యత ఇంజనీరుది. సంఘంలో మాత్రం అది మనది.